చిప్ప మునిగేదాకా

చదివే వారికి ముందుగా ఒక మాట. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. వీధిబడిలో ఇసుక మీద దిద్దిన చదువు నాది. ఒత్తులూ దీర్ఘాలూ పడవలసిన చోట పడవు. తప్పులకు క్షమించండి. పత్రిక వారు దిద్దుకొని వేసుకుంటే వారి దయ. నేను ఎన్నడూ పత్రికకు రాసినవాణ్ణి కాదు. నలుగురిలో నోరు తెరిచి మాట్లాడినవాణ్ణి కూడా కాదు. కడుపులో మంట ఆగక రాస్తున్నాను.

పోయిన బేస్తవారం పొద్దున మా వస్తాదు చనిపోయాడు. చిత్తూరు నుంచి పాకాలకు పోయే దారిలో ఉన్న మా ఊళ్ళో గరిడీ నడిపినవాడు. నాకు పక్కింటివాడు, నా ఈడువాడు. చలిజ్వరం పట్టుకొని మంచాన పడ్డాడు, మళ్ళీ లేవలేదు. కసరత్తు చేసీ చేసీ గుండె పగిలిందని చిత్తూరు సంతలో ఎవరో అన్నారట. అది అబద్ధం. రౌడీలను తయారుచేసినవాడు పోయాడులే అని ఇంకొకరు అన్నారట. అది ఇంకా పెద్ద అబద్ధం. వస్తాదు చేతికింద పెరిగినవాళ్ళు మీలో ఎంతోమంది ఉంటారు. వేలూరులో పోలీసులో ఉన్నారు, తిరుపతిలో మూటలు మోస్తున్నారు, నాయుడుపేట దాకా పోయి బండ్లు తోలుకుంటున్నారు. మీకు తెలియాలి, ఆయన్ను సాగనంపిన రోజు ఏమి జరిగిందో.

గరిడీ అంటే కసరత్తు చేసే చోటు. తెలియనివారు పెద్ద మేడ అనుకోవద్దు. వస్తాదు సొంత చేనులో ఒక మూల తవ్విన గుంత, దాని నిండా ఎర్రమన్ను. ఆ మన్నులో వేపనూనె, పసుపు, మజ్జిగ పోసి వారానికొకసారి అందరూ కాళ్ళతో తొక్కి కలపాలి. పైన బోదగడ్డి కప్పిన కొట్టం. లోపల చేతికి తిప్పుకొనే కర్లా కట్టెలు, ఒక గద, ఒక గుండు. గుండు అంటే ఏటిలో దొరికిన రాయి. రొమ్ముకు హత్తుకొని ఎత్తితే తప్ప లేవనంత బరువు.

ఇవన్నీ ఏ గరిడీలోనైనా ఉండేవే. మా గరిడీలో మాత్రం ఒక టెంకాయ చిప్ప ఉండేది. మా కాలువ కింద నీళ్ళు వంతుల ప్రకారం పారతాయి. చిప్పకు అడుగున సన్న చిల్లు పెట్టి నీళ్ళ కుండలో తేలవేస్తారు. అది మెల్లగా నిండి మునిగితే ఒకరి వంతు అయిపోయినట్టు, మడవ మార్చి నీళ్ళు ఇంకొకరి చేనికి తిప్పాలి. వస్తాదు అలాంటి చిప్ప ఒకటి చేసి గరిడీకి తెచ్చాడు. చిల్లు కొంచెం పెద్దది పెట్టాడు. చిప్ప తేలుతున్నంతసేపూ ఒళ్ళు దాచుకోకుండా చేయాలి. దండీలు, బస్కీలు, ఒకణ్ణి ఒకడు వీపున వేసుకొని పరుగు. చిప్ప మునిగితే అందరూ ఎక్కడివాళ్ళు అక్కడ కూలబడాలి. ఊపిరి కుదుటపడగానే మళ్ళీ చిప్ప. ఎండ ఎక్కకముందే అంతా అయిపోయేది. పొద్దంతా గరిడీలో పొర్లేవాడు నా దగ్గరికి రావద్దు, వాడికి చేను పని లేదా అనేవాడు.

నేను బక్క మనిషిని. కర్లా తిప్పడం నా వల్ల కాదు. రోజూ గోడవతల నిలబడి చూసేవాణ్ణి. ఒకనాడు వస్తాదు నన్ను లోపలికి పిలిచి కుండ పక్కన కూర్చోబెట్టాడు.

"నీకు మాట్లాడే పని లేదులేప్పా. చిప్పను సూస్తా ఉండు. మునిగితే కుండ మీద కొట్టు. సాలు."

అప్పటినుంచి అదే నా ఉద్యోగం. అంత బలిసిన మగపిల్లలు నా వేలి చప్పుడు కోసం చూస్తూ ఉండేవాళ్ళు. జీవితంలో ఇంకెక్కడా నా కోసం ఎవరూ అలా చూడలేదు.

ఎవడైనా ఊపిరి అందక వంగిపోతే వస్తాదు తిట్టేవాడు కాదు. వాడి పక్కన తానూ వంగి, "నీ ఊపిరి చాలలేదా? మంచిది. పక్కోడి ఊపిరి ఇను" అనేవాడు. ఆ మాట నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత కూర్చొని చూస్తే తెలిసింది. పక్కవాడి ఊపిరి వింటున్నవాడు తన బాధ కొంత మరిచిపోతాడు. కొట్టంలో అందరి ఊపిరీ ఒకటే కొలిమితిత్తిలాగా ఆడేది.

చివర్లో గుండు చుట్టు ఆడేవాళ్ళు. అది వస్తాదు కనిపెట్టిన ఆట. అందరూ వలయంగా నిలబడాలి. గుండు ఒకడి రొమ్ము నుంచి ఇంకొకడి రొమ్ముకు, చేతుల్లోంచి చేతుల్లోకి పోవాలి. చిప్ప మునిగేదాకా అది నేల తాకకూడదు. తాకితే ఒకడి తప్పు అని లేదు, అందరూ బస్కీలు తీయాల్సిందే, వస్తాదుతో సహా. చేతిలో ఉన్నవాడు బరువుకు ఆగలేకపోతే పక్కవాడు చేతులు పట్టాలి. పట్టిన చేతుల్లో పెట్టాలి గాని కింద పెట్టకూడదు. నేను కుండ మీద కొట్టిన తర్వాతనే దించాలి.

ఒక ఏడు గంగ జాతరలో మా గరిడీ పిల్లవాడు ఒకడు ఇలాంటి గుండునే ఒంటిగా భుజం మీదికి ఎత్తి తలపాగా గెలిచాడు. ఊరంతా ఈలలు వేసింది. వాడు తలపాగా కట్టుకొని మరునాడు గరిడీకి వచ్చాడు. వస్తాదు వాణ్ణి కిందికీ పైకీ చూశాడు.

"ఎత్తినావు, సరే. ఎవురికి ఇచ్చినావు?"

వాడు తలపాగా విప్పి కొట్టం వాసానికి వేలాడదీశాడు. అది చానా కాలం అక్కడే ఉండి, చివరికి చెమట తుడుచుకొనే గుడ్డ అయింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మా ఊరి బయట తూర్పున ఒక పేట ఉంది. ఆ పేటవాళ్ళు మా వీధిలో చెప్పులు చేత పట్టుకొని నడవాలి. మా బావిలో చేద వేయకూడదు. నేను పుట్టకముందు నుంచీ అంతే. గరిడీ పెట్టిన కొత్తలో చేనులో చెడుగుడు ఆడుతుంటే పేట పిల్లలు గట్టు మీద నిలబడి చూసేవాళ్ళు. ఒకనాడు ఒక జట్టుకు మనుషులు తక్కువయ్యారు. వస్తాదు గట్టు మీదివాళ్ళను రమ్మన్నాడు. అంతే, మావాళ్ళలో సగంమంది ఆట ఆపి పక్కకు వచ్చేశారు. వస్తాదు పెదనాయన కొడుకు ఒకాయన ఉన్నాడు. మా కులానికి పెద్ద, ఊళ్ళో అందరూ పెద్దాయన అంటారు. ఆయన పరుగున వచ్చి, ఆడించు గాని తాకకుండా ఆడించు అన్నాడు.

వస్తాదు నవ్వాడు. "పట్టుకోకుండా ఆడే ఆట ఏదన్నా ఉంటే చెప్పప్పా, అదే ఆడిద్దాం" అన్నాడు.

పెద్దాయన అరుగు మీద కూర్చొని కొన్నాళ్ళు కోపం చేశాడు. పక్కకు వచ్చేసినవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే మళ్ళీ వచ్చారు. చెడుగుడు కూత వినబడుతుంటే ఇంట్లో కూర్చోలేకపోయారు మరి.

ఆ పెద్దాయనకు ఒక్కడే కొడుకు. చిన్నప్పుడు విషజ్వరం వచ్చి కాళ్ళు చచ్చుబడినట్టయ్యాయి. తిరుపతిలో చూపించారు, మొక్కుకున్నారు, తాయెత్తు కట్టారు. కడపటికి వాళ్ళమ్మ వాణ్ణి చంకన వేసుకొని గరిడీకి తెచ్చి వస్తాదు ముందు దించింది. వస్తాదు వాణ్ణి మన్నులో పాకించాడు, నిలబెట్టాడు, కొన్నాళ్ళకు గుండు చుట్టులో కూడా నిలబెట్టాడు. వాడికి అటూ ఇటూ బలమైనవాళ్ళను పెట్టాడు. గుండు వాడి దగ్గరికి వచ్చినప్పుడు ఆ ఇద్దరూ వాడి చేతుల కింద తమ చేతులు పెట్టేవాళ్ళు. బరువు వాళ్ళు మోసేవాళ్ళు, మోశానన్న సంతోషం వాడిది. ఆ ఇద్దరిలో ఒకడు పేట పిల్లవాడు. ఇప్పుడు పాకాలలో రైలు గ్యాంగులో పని చేస్తున్నాడు. పెద్దాయన కొడుకు ఇప్పుడు ఎంత బస్తా అయినా భుజాన వేసుకొని మిద్దె ఎక్కుతాడు. అప్పుడు ఆ చేతులకు అంటు లేదు. తన కొడుకు చేతుల కింద ఉన్నాయి కాబట్టి లేదేమో. నేను అడుగుతున్నాను.

గాంధీగారిని పట్టుకున్న ఏడు ఊరూరా గలాటాలు అయ్యాయి గదా, అప్పుడు పోలీసులు వచ్చి మా కర్లా కట్టెలు, గద ఆయుధాలని చెప్పి బండి మీద వేసుకొని పోయారు. మేమంతా దిగులుపడ్డాం. వస్తాదు మటుకు, "కట్టెలు ఎత్తుకుపోయినారు, మనుషులు ఉండారు గదా" అని ఒకడిచేత ఒకణ్ణి ఎత్తించడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో పెద్దాయన గరిడీ వైపు తొంగి చూడలేదు. తర్వాత స్వరాజ్యం వచ్చింది. ఊళ్ళో జెండా ఎగరేసింది పెద్దాయనే. అందరూ అన్నదమ్ములే అని అరుగు మీద నిలబడి చెప్పాడు. ఆ జెండాకు చావడి ముందు నాటిన స్తంభం అడివి నుంచి మోసుకొచ్చింది మా గరిడీ పిల్లలు. అందులో పేటవాళ్ళే ఎక్కువ. స్తంభాన్ని ముట్టుకోవచ్చు. జెండా కూడా ముట్టుకోవచ్చు.

వస్తాదు మంచాన పడ్డాక గరిడీ పిల్లలు వంతులు వేసుకొని వచ్చారు. మనిషి పెద్ద మనిషి, ఒళ్ళు బరువు. వాళ్ళావిడ ఒక్కతే తిప్పలేదు. పక్కకు తిప్పడం, లేపి కూర్చోబెట్టడం, గుడ్డలు మార్చడం, అంబలి తాగించడం అన్నీ ఆ పిల్లలే. పేటవాళ్ళూ మావాళ్ళూ అని లేదు, ఎవడికి పని తీరితే వాడు. దాయాదులు వాకిట్లో నిలబడి, ఎట్లా ఉండాడు అని అడిగి పోయేవాళ్ళు. లోపలికి వస్తే జ్వరం అంటుకుంటుందని భయం.

ఊపిరి పోయిన తర్వాత మాత్రం అందరూ లోపలికి వచ్చారు.

పాడె కట్టేటప్పుడు పెద్దాయన చెప్పాడు, గరిడీలోని పేటవాళ్ళు దూరంగా నడవాలని, పాడెకు కులంవాళ్ళే భుజం పట్టాలని. కులంలో వయసువాళ్ళంతా గరిడీవాళ్ళే, వాళ్ళు మా జతగాళ్ళు పట్టకుంటే మేమూ పట్టం అని వెనక్కి తగ్గారు. పెద్దాయన కొడుకు కూడా తగ్గాడు. చివరికి నలుగురు ముసలివాళ్ళు పట్టారు. నాలాంటివాళ్ళు. జీవితమంతా ఇతరులకు బరువు ఎత్తడం నేర్పిన మనిషి, ఆయన్ను ఎత్తడానికి వచ్చినవాళ్ళు ఎవరో చూడండి. రాయిని ఆడుకొనే పిల్లలు చేతులు వేలాడేసుకొని వెనక నడుస్తున్నారు. నాకు అక్కడే ఒళ్ళు మండింది. కాని నోరు లేనివాణ్ణి, ఊరికే నడిచాను.

కాలువ కల్వర్టు దాటుతుంటే ముందున్న ముసలాయన మోకాలు తప్పింది. పాడె ఒక పక్కకు ఒరిగింది. తల వైపు నేలకు జానెడు దూరంలో ఉండగా ఎవరు ముందు ఉరికారో నాకు తెలియదు. కళ్ళు మూసి తెరిచేలోగా నాలుగు మూలలా నాలుగు భుజాలు కిందికి వచ్చేశాయి. ముందు కుడివైపు రైలు గ్యాంగువాడు. ఎడమవైపు పెద్దాయన కొడుకు. వెనక ఇద్దరు, ఒకడు పేటవాడు, ఒకడు మావాడు. పాడె పైకి లేచింది. ముసలివాళ్ళు గట్టు మీద కూర్చుండిపోయారు. పిల్లలు అదురు లేకుండా అడుగు కలిపి నడిచారు.

కొంచెం ముందుకు పోతే దింపుడు కళ్ళం. అక్కడ పాడెను ఒకసారి నేల మీద దించి, పోయిన మనిషిని చెవిలో పేరు పెట్టి పిలవాలి. అది మా ఆచారం. పెద్దాయన ముందుకు ఉరికి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"రేయ్, దించండ్రా. దింపుడు కళ్ళం దాటిపోతా ఉండారు."

వాళ్ళు ఆగారు గాని దించలేదు. దించితే మళ్ళీ తమ చేతికి రానివ్వరని వాళ్ళకు తెలుసు. గ్యాంగువాడు తల ఎత్తకుండానే చాలా మెల్లగా చెప్పాడు.

"చేతులు పట్టండయ్యా, ఇస్తాము. కింద మటుకు పెట్టము."

ఎవరు పట్టాలి? పట్టాలంటే వాడి చేతుల్లోంచి తీసుకోవాలి. వాడి చేతులు తగలాలి. దాయాదులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్క చెయ్యి ముందుకు రాలేదు. పెద్దాయన తన కొడుకు వైపు చూశాడు. కొడుకు దారి వైపు చూస్తున్నాడు. అప్పుడు పెద్దాయన నా మీదికి తిరిగాడు.

"నువ్వన్నా చెప్పప్పా. నీ మాటయితే ఇంటారు."

నిజమే. ఆ నలుగురూ కూడా నా వైపే చూస్తున్నారు. నేను కుండ మీద కొడితే దించడం వాళ్ళకు అలవాటు.  

"చిప్ప ఇంకా మునగలేదు" అన్నాను.

 వాళ్ళు కదిలారు. పెద్దాయన పక్కకు తప్పుకున్నాడు, తప్పుకోకుంటే తగులుతుంది గదా. భుజాలు మార్చుకోవాల్సి వచ్చినప్పుడు వెనకవాళ్ళు చేతులు పట్టారు, వీళ్ళు అందించారు. శ్మశానం దాకా పాడె నేల తాకలేదు.  దారి పొడుగునా వాళ్ళ ఊపిరి ఒక్కటే నాకు వినబడింది.

మూడో నాడు పాలు పోసి వచ్చాక పెద్దాయన, దాయాదులు వస్తాదు ఇంటి ముందు కూర్చున్నారు. దించాల్సిన చోట దించలేదు, తాకరానివాళ్ళు తాకారు, పోయినవాడి ఆత్మ అక్కడక్కడే తిరుగుతుంది అన్నారు. దీనికంతా ఆ గరిడీ మూలం, దాన్ని పూడ్చేయాలి, గుండును పాడుబావిలో వేయాలి, అట్లా చేస్తేనే మేము పదహారో నాటి పెద్దదినానికి వస్తాం, లేదంటే ఈ ఇంట్లో మావాళ్ళు ఎవరూ చెయ్యి కడగరు అన్నారు. ఆమెకు పిల్లలు లేరు. కులం వదిలేస్తే రేపు ఆమెకు ఎవరున్నారు? ఆ సంగతి తెలిసే అడిగారు.

ఆమె గడప లోపలినుంచే మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"బావా, ఆయప్ప మంచంలో ఉన్నప్పుడు మీలో ఎవురన్నా వచ్చి పక్కకు తిప్పినారా? తిప్పింది ఆ చేతులే. బతికిన మనిషికి లేని అంటు సచ్చిన మనిషికి యాడినుంచి వచ్చింది? గుంత నేను పూడ్చను. మీరు రాకపోతే ఆ పిల్లోళ్ళకే వడ్డిస్తాను."

పెద్దాయన కండువా దులుపుకొని లేచిపోయాడు. మర్నాటినుంచి దాయాదుల ఇండ్లలో నుంచి ఆమెకు నిప్పు కూడా ఇవ్వడం లేదు. ఆమె అంత గట్టిగా మాట్లాడింది గాని, సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "ఎవురన్నా వస్తారా అప్పా? ఇస్తళ్ళు ఏసి, కూర్చునేవాళ్ళు లేకపోతే ఎట్లా?" అని అడిగింది. పెద్దదినం నాడు ఇస్తరి ఖాళీగా లేస్తే దాయాదులు గెలిచినట్టే. గుంత తామే వచ్చి పూడుస్తారు.

అందుకని రాస్తున్నాను. వస్తాదు గుంతలో మన్ను తొక్కినవాళ్ళు, గుండు చుట్టులో నిలబడినవాళ్ళు, వాళ్ళ తమ్ముళ్ళు, కొడుకులు, ఎవరైనా సరే. వచ్చి గుంత పక్కన ఒకే వరుసలో కూర్చోవాలి. చుట్టులో ఎవడి పక్కన ఎవడు నిలబడ్డాడో అట్లాగే కూర్చోవాలి. కంట్రోలు బియ్యం దొరకదు, సంగటీ ఉలవచారూ వండుతాం. గుంతలో మజ్జిగా పసుపూ నేను తెచ్చి పోస్తాను, మన్ను మీరు తొక్కాలి. పెద్దాయన కొడుకు కూడా ఆ వరుసలో కూర్చుంటానని చెప్పాడు. వాళ్ళ నాయన వాడితో మాట్లాడటం మానేశాడు. వాడు రోజూ పొద్దున వచ్చి, గుంత చుట్టూ మొలిచిన గడ్డి పీకి పోతున్నాడు.

నేను కూడా రోజూ పోతున్నాను. ఏమి చేయాలో తోచక కుండలో నీళ్ళు నింపి చిప్ప వేస్తాను. ఎదురుగా ఎవరూ ఉండరు. గుండు మన్నులో ఒక్కటే కూర్చొని ఉంటుంది. ఈ ఉత్తరం కూడా అక్కడే కూర్చొని రాస్తున్నాను. ఎంతమంది వస్తారో తెలిస్తే ఆమె రాగులు విసురుకుంటుంది, కాబట్టి ఆలస్యం చేయకుండా ఒక కార్డు ముక్క రాయండి, పత్రిక వారికి పంపితే నాకు చేరుస్తారు. చిప్పలోకి నీళ్ళు వస్తూనే ఉన్నాయి. అంచు మాత్రం ఇంకా పైనే ఉంది.